చోటు మారితే డ్రగ్ పనితీరు మారుతుందా? ఎలుకల్లో సెన్సిటైజేషన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎలుకకి ఆంఫెటమిన్ అనే ఉత్తేజపరిచే డ్రగ్ ఇస్తే బోనంతా హడావుడిగా తిరుగుతుంది. కొన్ని రోజుల ఎడంతో అదే మోతాదు మళ్లీ మళ్లీ ఇస్తే ఆ హడావుడి ఇంకా పెరుగుతుంది. ఇది ఫార్మసీ, సైకాలజీ చదివినవాళ్లకి తెలిసిన సంగతే. సూది పడేటప్పుడు ఎలుక ఎక్కడ ఉందన్నది కూడా ఆ పెరుగుదలని శాసిస్తుందని మాత్రం చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా రెండు వేర్వేరు విషయాల్ని కలిపేసి మాట్లాడుతుంటారు. ఈ పేజీలో ఎక్కువ చోటు ఆ చిక్కు విడదీయడానికే ఇచ్చాను.

అసలు సెన్సిటైజేషన్ అంటే ఏమిటి?

ఒకే మోతాదుకి స్పందన రోజురోజుకీ పెరగడం. మొదటి రోజు కాసేపు చురుగ్గా తిరిగి ఆగిన ఎలుక, ఐదారు డోసుల తర్వాత అదే మోతాదుకి ఆగకుండా పరుగెడుతుంది. స్పందన ఇంకా పెరిగితే పరుగు తగ్గి, ఒకేచోట నిలబడి తల ఊపడం, వాసన చూడటం, నాకడం లాంటి పనులు మర యంత్రంలా చేస్తూనే ఉంటుంది. దీన్ని స్టీరియోటైపీ అంటారు. అందుకే పరుగు తగ్గిందని చూసి 'ప్రభావం తగ్గింది' అని రాసేయకూడదు. అది పైమెట్టుకి వెళ్లి ఉండొచ్చు.

కొకైన్ విషయంలో ఈ పెరుగుదలని 1930ల్లోనే గమనించారు. 1970ల్లో సీగల్, మాండెల్ ఆంఫెటమిన్ మీద, పోస్ట్, రోజ్ కొకైన్ మీద చేసిన పనితో ఇది గట్టి పరిశోధనాంశంగా నిలబడింది.

ఇది టాలరెన్స్‌కి ఉల్టా అనుకోవచ్చా?

టాలరెన్స్ అంటే అదే మోతాదుకి స్పందన తగ్గుతూ పోవడం. కాబట్టి స్థూలంగా అవును. కానీ ఒకే ఎలుకలో ఒకే డ్రగ్‌కి రెండూ ఉండొచ్చు, ఒక ప్రభావానికి టాలరెన్స్, ఇంకోదానికి సెన్సిటైజేషన్. ఇచ్చే పద్ధతి కూడా ముఖ్యం. ఎడం ఇచ్చి ఇస్తే సెన్సిటైజేషన్ బాగా వస్తుంది. చర్మం కింద పంపు పెట్టి కొకైన్‌ని ఎడతెగకుండా ఎక్కిస్తే సాధారణంగా టాలరెన్స్ వైపు మొగ్గుతుంది.

ఎన్నాళ్లు ఉంటుంది?

చాలాకాలం. ఆంఫెటమిన్ ఆపేసిన ఏడాది తర్వాత కూడా ఎలుకల్లో ఆ పెరిగిన స్పందన కనిపించింది. ల్యాబ్ ఎలుక బతికేదే రెండు మూడేళ్లని గుర్తుపెట్టుకుంటే ఏడాది ఎంత పెద్ద కాలమో తెలుస్తుంది.

సరే, పరిసరాల పాత్ర ఏమిటి?

పాత్రలు రెండు.

ఒకటి, డ్రగ్ ఇచ్చే సమయంలో ఆ చోటు ఎలుకకి కొత్తదా, అలవాటైనదా అన్నది. సెన్సిటైజేషన్ ఎంత తేలిగ్గా, ఎంత గట్టిగా ఏర్పడుతుందో దీన్నిబట్టి మారుతుంది.

రెండు, ఏ చోట డ్రగ్ వస్తుందో ఎలుక నేర్చుకోవడం. మెదడులో అప్పటికే ఏర్పడిన సెన్సిటైజేషన్ ఎప్పుడు బయటపడాలో దీన్నిబట్టి తేలుతుంది.

మొదటిది ఏర్పడటం గురించి, రెండోది బయటపడటం గురించి. 'కాంటెక్స్ట్ ఎఫెక్ట్' అని ఒకే మాటతో రెండింటినీ చుట్టబెట్టేస్తే ఈ రంగంలో సగం పేపర్లు ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి. విడదీసి చదివితే చాలామటుకు గొడవ ఉండదు.

కొత్త చోటు ప్రభావాన్ని ఎలా రుజువు చేశారు? రెండు బోన్లు వేరుగా ఉంటే తేడా బోను వల్లే కావొచ్చుగా?

సరిగ్గా ఈ అనుమానం రాకుండా చేసిన ప్రయోగం గురించే చెప్పాలి. అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో టెరీ రాబిన్సన్ ల్యాబ్ ఉంది. అక్కడ ఆల్డో బడియాని, అనగ్నోస్తారస్, రాబిన్సన్ కలిసి 1995లో దీన్ని ప్రచురించారు. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో ఇంత చక్కటి డిజైన్ అరుదు.

పరీక్ష పెట్టెలన్నీ ఒకే రకానివి. మొదటి గుంపు ఎలుకలు కొన్ని రోజుల ముందు నుంచే ఆ పెట్టెల్లో కాపురం ఉంటాయి. తిండి, నిద్ర అన్నీ అక్కడే. వాటికి అది ఇల్లు. రెండో గుంపు ఎలుకలు మామూలు జంతుశాల బోన్లలో ఉంటాయి. ప్రయోగం ఉన్న రోజు మాత్రమే వాటిని అలాంటి పెట్టెల్లోకి తెచ్చి, సూది వేసి, కొలత అయ్యాక వెనక్కి పంపుతారు. అంటే గోడలు, నేల, వెలుతురు, మోతాదు అన్నీ సమానం. తేడా ఒక్కటే: ఒక ఎలుకకి అది ఇల్లు, ఇంకో ఎలుకకి పరాయి చోటు.

కొలత కూడా తెలివైనదే. ఎలుక మెదడులో ఒకవైపు డోపమిన్ (న్యూరాన్ల మధ్య సందేశాలు మోసే రసాయనం) దారిని ముందుగానే 6-హైడ్రాక్సీడోపమిన్ అనే రసాయనంతో దెబ్బతీస్తారు. అలాంటి ఎలుకకి ఆంఫెటమిన్ ఇస్తే దెబ్బతిన్న వైపుకి గుండ్రంగా తిరుగుతుంది. ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే చాలు, డ్రగ్ ప్రభావం అంకెల్లో వచ్చేస్తుంది.

పరాయి చోట ఇచ్చిన ఎలుకల్లో సెన్సిటైజేషన్ స్పష్టంగా ఎక్కువగా వచ్చింది.

సూది వేయడానికి మనిషి వస్తాడు, పట్టుకుంటాడు. అది కూడా ఎలుకకి సంకేతమే కదా?

మంచి ప్రశ్న. అదే ల్యాబ్‌లో హన్స్ క్రోంబాగ్ తదితరులు దీన్నే పట్టుకున్నారు. ఎలుక సిరలోకి ముందే సన్నటి గొట్టం అమర్చి, గది బయటి నుంచి మోటారుతో డ్రగ్ పంపించారు. తలుపు చప్పుడు లేదు, చేతి స్పర్శ లేదు. ఇంట్లో ఉన్న ఎలుకకి డ్రగ్ ఎప్పుడు వస్తుందో ముందస్తు సూచనే లేదు.

అలా కిలో బరువుకి 0.5 మిల్లీగ్రాము ఆంఫెటమిన్ ఇస్తే, ఇంట్లో ఉన్న ఎలుకల్లో తొలి స్పందనే చిన్నది, ఎన్నిసార్లు ఇచ్చినా చెప్పుకోదగ్గ సెన్సిటైజేషన్ రాలేదు. అదే మోతాదు అదే గొట్టం ద్వారా, వేరే చోట పెట్టి ఇస్తే గట్టిగా వచ్చింది. ఇంట్లోనే ఉంచి ఏదో ఒక చిన్న సంకేతం జోడిస్తే అంత తేడా రాలేదు. చోటు మార్చడంలో ఉన్న బలం ఒక దీపానికో వాసనకో రాలేదన్నమాట.

ఒకే డ్రగ్, ఒకే మోతాదు, రక్తంలోకి వెళ్లే దారి కూడా ఒకటే. 'ఈ డ్రగ్ ప్రభావం ఇదీ' అని చెప్పేటప్పుడు 'ఎక్కడ ఇస్తే?' అని అడగడం ఇందుకే.

అంటే ఇంట్లో ఉన్న ఎలుకకి సెన్సిటైజేషన్ రానే రాదా?

వస్తుంది. మోతాదు పెంచితే వస్తుంది. 1998లో వచ్చిన మోతాదుల అధ్యయనాల సారం అదే: కొత్త చోటు వల్ల తక్కువ మోతాదే సరిపోతుంది. పెద్ద మోతాదులో చోటు తేడా పలచబడుతుంది. చాలా ల్యాబుల్లో ఈ తేడా కనిపించకపోవడానికి కారణం మొదటి నుంచే పెద్ద మోతాదు వాడటం కావొచ్చు.

వేగం కూడా లెక్కలోకి వస్తుంది. అన్ సమాహా, రాబిన్సన్ బృందం 2002లో చూపించినట్టు, కొకైన్‌ని సిరలోకి కొన్ని సెకన్లలో పంపితే సెన్సిటైజేషన్ తేలిగ్గా వస్తుంది, నిమిషంపైగా సాగదీసి నెమ్మదిగా పంపితే కష్టంగా వస్తుంది.

కొత్త చోటంటే టెన్షన్. స్ట్రెస్ హార్మోన్లే దీనికి కారణం కదా?

అందరికీ ముందు తట్టే సమాధానం ఇదే. స్ట్రెస్‌కీ సెన్సిటైజేషన్‌కీ సంబంధం ఉందన్నది నిజమే. ఆంటెల్మన్ బృందం 1980లోనే స్ట్రెస్, ఆంఫెటమిన్ ఒకదాని బదులు ఇంకోటి పనిచేయగలవని చూపించింది.

కానీ ఇక్కడ ఆ సమాధానం పూర్తిగా నిలవదు. రాబిన్సన్ ల్యాబ్ వాళ్లు ఎలుకల అడ్రినల్ గ్రంథులు తీసేసి చూశారు. ఎలుకల స్ట్రెస్ హార్మోన్ కార్టికోస్టిరాన్ వచ్చే దారే లేదు. అయినా ఆంఫెటమిన్ సెన్సిటైజేషన్ ఏర్పడింది. కాబట్టి అడ్రినల్ హార్మోన్లు తప్పనిసరి కావు. ఎలుకకి భయం వేయలేదని దీని అర్థం కాదు, హార్మోన్ల మీద మొత్తం భారం వేయలేమని మాత్రమే.

పోనీ, కొత్త చోట డోపమిన్ ఎక్కువ విడుదలవుతుందేమో?

అదీ చూశారు, 1998లో. ఆంఫెటమిన్ ఇచ్చినప్పుడు విడుదలైన డోపమిన్ పరిమాణం ఇంట్లోనూ కొత్త చోటా దాదాపు ఒకటే. ఎలుక ప్రవర్తనలో మాత్రం పెద్ద తేడా. డ్రగ్ అంటే డోపమిన్, డోపమిన్ అంటే ఆనందం అని వాట్సాప్‌లో తిరిగే లెక్క ఇక్కడ దెబ్బతింటుంది.

తేడా ఆ డోపమిన్ అందుకునే కణాల్లో దొరికింది. న్యూరాన్ గట్టిగా ఉత్తేజం పొందితే అందులో సి-ఫాస్ అనే జన్యువు మేల్కొంటుంది. ఇంట్లో ఆంఫెటమిన్ ఇస్తే స్ట్రయాటమ్ అనే మెదడు భాగంలో, డోపమిన్‌ని అందుకునే గ్రాహకాల్లో డి1 రకం ఉన్న కణాల్లోనే సి-ఫాస్ కనిపించింది. కొత్త చోట ఇస్తే డి2 గ్రాహకాలున్న కణాల్లో కూడా కనిపించింది. అంటే విడుదలైన డోపమిన్ ఒకటే అయినా మేల్కొన్న కణాల గుంపు వేరు. మెదడు పైపొర అయిన కార్టెక్స్ నుంచి, ఇతర భాగాల నుంచి అదే సమయంలో వచ్చే గ్లూటమేట్ (ఇంకో సందేశ రసాయనం) సంకేతాలు దీనికి కారణం కావొచ్చని చాలామంది అభిప్రాయం.

కణాల ఆకారంలోనూ తేడా ఉంది. 2004లో కొకైన్ మీద వచ్చిన అధ్యయనంలో, సెన్సిటైజేషన్ వచ్చిన ఎలుకల్లో మాత్రమే న్యూక్లియస్ అకంబెన్స్ (స్ట్రయాటమ్‌లోనే ఒక భాగం) మధ్యభాగంలోని న్యూరాన్లకి ముళ్లలాంటి చిన్న మొలకలు పెరిగాయి. అకంబెన్స్ అంచుభాగంలో మాత్రం సెన్సిటైజేషన్ వచ్చినా రాకున్నా ఆ పెరుగుదల కనిపించింది.

ఇప్పుడు రెండో పాత్ర. ఒక చోట వచ్చిన సెన్సిటైజేషన్ ఇంకో చోట కనిపించదా?

చాలాసార్లు కనిపించదు. 1996లో అనగ్నోస్తారస్, రాబిన్సన్ చేసిన ప్రయోగం తీసుకుందాం. ఒక గుంపుకి పరీక్ష పెట్టెలో ఆంఫెటమిన్, వేరే చోట సెలైన్ (డ్రగ్ లేని ఉప్పునీరు). రెండో గుంపుకి తిరగేసి: పరీక్ష పెట్టెలో సెలైన్, వేరే చోట ఆంఫెటమిన్. రెండు గుంపుల ఒంట్లోకీ వెళ్లిన డ్రగ్ సమానం. చివరి రోజు అందరికీ పరీక్ష పెట్టెలోనే ఆంఫెటమిన్ ఇచ్చారు. మొదటి గుంపు రెచ్చిపోయింది. రెండో గుంపు మాత్రం మొదటిసారి డ్రగ్ చూసిన ఎలుకల్లాగే ప్రవర్తించింది.

అయితే ఇదంతా పావ్లోవ్ కుక్క కథేనా? గంట మోగితే లాలాజలం వచ్చినట్టు?

సగం వరకే. డ్రగ్ వచ్చిన పెట్టెలో ఎలుకని పెట్టి ఉత్త సెలైన్ ఇచ్చినా కొంచెం హుషారుగా తిరుగుతుంది. ఇది అచ్చమైన పావ్లోవ్ స్పందనే. ఈ కాస్త డ్రగ్ ప్రభావానికి తోడై మొత్తం పెద్దదిగా కనిపిస్తోందని కొందరు వాదించారు.

మాంట్రియల్‌లోని కాంకార్డియా యూనివర్సిటీ నుంచి జేన్ స్టీవార్ట్, పాల్ వెజీనా 1991లో దీన్ని పరీక్షించారు. ఎలుకల్ని డ్రగ్ లేకుండా పదేపదే ఆ పెట్టెలో ఉంచారు. మెల్లగా ఆ నేర్చుకున్న హుషారు ఆరిపోయింది. కూడికే అయితే సెన్సిటైజేషన్ కూడా తగ్గాలి. తగ్గలేదు. డ్రగ్ ఇవ్వగానే పెరిగిన స్పందన చెక్కుచెదరకుండా వచ్చింది.

కాబట్టి చోటు చేసే పని స్పందనకి అదనం కలపడం ఒక్కటే కాదు. మెదడులో ఉన్న మార్పుని బయటికి రానివ్వాలా ఆపాలా అన్నది కూడా అదే తేలుస్తుంది. 'ఇక్కడ డ్రగ్ రాదు' అని నేర్చుకున్న చోట ఆ స్పందన అణిగి ఉంటుంది. పోయిందని కాదు.

ఆ చోటు జ్ఞాపకం మెదడులో ఎక్కడ ఉంటుందో దొరికిందా?

కొంతవరకు. బాల్టిమోర్‌లో అమెరికా జాతీయ డ్రగ్ పరిశోధన సంస్థకి చెందిన బ్రూస్ హోప్ బృందం 2009లో ఒక గమ్మత్తైన పద్ధతి వాడింది. ఎలుక జన్యువుల్లో మార్పు చేసి, సి-ఫాస్ మేల్కొన్న న్యూరాన్లలో మాత్రమే ఒక ఎంజైమ్ తయారయ్యేలా చేశారు. తర్వాత అకంబెన్స్‌లోకి డాన్02 అనే రసాయనం ఎక్కిస్తే, ఆ ఎంజైమ్ ఉన్న కణాలే మూగబోతాయి.

కొకైన్‌తో ముడిపడిన చోట మేల్కొన్న కొద్దిపాటి న్యూరాన్లని ఇలా ఆపేస్తే, ఆ చోటుకే పరిమితమైన సెన్సిటైజేషన్ కనిపించకుండా పోయింది. కొకైన్ లేని వేరే చోట మేల్కొన్న న్యూరాన్లని ఆపితే ఏమీ కాలేదు. ఏ కణాలు పాల్గొంటున్నాయన్నదే అసలు సంగతి, ఎన్ని అన్నది కాదు.

ఆటవస్తువులు, తోడు ఉన్న పెద్ద బోనులో పెంచితే డ్రగ్ ప్రభావం తగ్గుతుందని విన్నాం. కొత్తదనం పెంచుతుందని మీరంటున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే, ఎందుకంటే ప్రశ్నలు వేరు. ఒకటి, డ్రగ్ పడే ఆ ఘడియలో చోటు కొత్తదా అని. రెండోది, రోజూ బతికే ఇల్లు ఎలాంటిదని. రోజూ కొత్త వస్తువులు చూస్తూ పెరిగిన ఎలుకకి కొత్త పెట్టె అంత పెద్ద వింత కాదు. కెంటకీ యూనివర్సిటీలో మైకేల్ బార్డో బృందం ఇలా పెరిగిన ఎలుకలు తక్కువ మోతాదు ఆంఫెటమిన్‌ని తమంతట తాము తీసుకోవడం తగ్గిస్తాయని చూపించింది. మోతాదు పెంచితే ఆ రక్షణ నిలవలేదు.

ఫ్రాన్స్‌లోని పొయిటియర్‌లో మార్చెల్లో సోలినాస్ బృందం 2008లో ఇంకో అడుగు వేసింది. చిట్టెలుకలకి ముందు కొకైన్ అలవాటు చేసి, ఆ తర్వాత 30 రోజులు చక్రాలు, గూళ్లు, బొమ్మలు ఉన్న పెద్ద బోన్లలో ఉంచారు. అప్పటికే ఏర్పడిన సెన్సిటైజేషన్ కనిపించకుండా పోయింది. ముందు జాగ్రత్తగా కాకుండా, దెబ్బ తగిలాక కూడా ఇల్లు పనిచేసిందన్నమాట. అయితే 'మెరుగైన బోను' అంటే మనం మెచ్చుకునే స్వర్గం కాదు. ఉత్త బోనుతో పోలిస్తే మెరుగు, అంతే. మామూలు ల్యాబ్ బోనే అసహజంగా దరిద్రమైనదని, దాన్ని ప్రమాణంగా పెట్టుకోవడమే తప్పని వాదించేవాళ్లున్నారు. నాకు ఆ వాదనలో బలం కనిపిస్తుంది.

ఇది యూట్యూబ్‌లో చెప్పే 'ర్యాట్ పార్క్' ప్రయోగమేనా?

కాదు. అది కెనడాలో బ్రూస్ అలెగ్జాండర్ 1970ల చివర్లో మార్ఫిన్ కలిపిన నీళ్లతో చేసినది. సెన్సిటైజేషన్‌ని కొలవలేదు, వాడింది ఆంఫెటమిన్, కొకైన్ లాంటి స్టిమ్యులెంట్ (ఉత్తేజపరిచే డ్రగ్) కూడా కాదు. తర్వాత తిరిగి చేసినవాళ్లకి ఫలితాలు ఒకే తీరుగా రాలేదు.

హెరాయిన్, మార్ఫిన్‌కి కూడా చోటు ప్రభావం ఇలాగే ఉంటుందా?

తీసుకునే ఇష్టం విషయంలో వ్యతిరేక దిశలో ఉంటుంది! బడియాని రోమ్‌కి వెళ్లాక అక్కడి బృందం చేసిన పని ఇది. ఎలుకలకి హెరాయిన్, కొకైన్ రెండూ తమంతట తాము తీసుకునే వీలు కల్పిస్తే, పెట్టెలోనే కాపురం ఉన్నవి హెరాయిన్ వైపు, బయటి నుంచి తెచ్చినవి కొకైన్ వైపు మొగ్గాయి. రోమ్‌లోనే రెండూ వాడే మనుషుల్ని అడిగితే చాలావరకు అదే చెప్పారు: హెరాయిన్ ఇంట్లో, కొకైన్ బయట. 'డ్రగ్స్' అని ఒకే గాటన కట్టేయడం ఎంత తప్పో ఇక్కడ తెలుస్తుంది.

టాలరెన్స్ విషయంలో కూడా చోటు ప్రాణాల మీదికి తెస్తుంది. 1982లో షెపర్డ్ సీగల్ బృందం హెరాయిన్‌కి అలవాటుపడిన ఎలుకలకి పెద్ద మోతాదు ఇచ్చింది. అలవాటైన గదిలో సుమారు 32 శాతం చనిపోయాయి, వేరే గదిలో 64 శాతం. ఇంతకుముందు హెరాయినే ఎరగని ఎలుకల్లో 96 శాతం.

మనుషుల్లో సెన్సిటైజేషన్ వస్తుందా?

మాంట్రియల్‌లో 10 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకి కిలోకి 0.3 మిల్లీగ్రాముల చొప్పున మూడు డోసులు ఆంఫెటమిన్ ఇచ్చి పెట్ స్కాన్ (మెదడులో డోపమిన్ స్పందనని అంచనా వేసే స్కాన్) తీశారు, 2006లో ప్రచురించారు. రెండు వారాల తర్వాత, ఏడాది తర్వాత మళ్లీ అదే మోతాదు ఇస్తే డోపమిన్ స్పందన ముందుకన్నా పెరిగింది. డోసులన్నీ స్కానర్ దగ్గరే ఇచ్చారన్నది గమనించాలి.

దీనికి భిన్నంగా, ఏళ్ల తరబడి కొకైన్ వాడినవాళ్లలో స్కానర్‌లో చూస్తే డోపమిన్ స్పందన తగ్గినట్టు కనిపిస్తుంది. దీనికి వెజీనా, మార్కో లేటన్ 2009లో ఒక వివరణ ఇచ్చారు. వాళ్లు కొకైన్ వాడింది సందుల్లో, స్నేహితుల గదుల్లో. ఆసుపత్రి స్కానర్ వాళ్ల మెదడుకి 'ఇక్కడ రాదు' అని నేర్చుకున్న చోటు. 1996 ప్రయోగంలో వేరే చోట డ్రగ్ తీసుకున్న రెండో గుంపు ఎలుకల సంగతే ఇది. ఇది ఇంకా వాదనే, తీర్పు కాదు. కానీ బాగున్న వాదన.

మా అబ్బాయికి ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని, అతిచురుకుదనపు సమస్యకి) మిథైల్‌ఫెనిడేట్ అనే స్టిమ్యులెంట్ మాత్ర ఇస్తున్నారు. ఇది చదివి టెన్షన్‌గా ఉంది.

ఈ పేజీ చూసి మాత్ర ఆపకండి. నోటితో తీసుకునే మాత్ర మెదడుకి నెమ్మదిగా చేరుతుంది. వేగం సంగతి పైన చెప్పుకున్నాం. 15 దీర్ఘకాల అధ్యయనాల్ని కలిపి చూసిన 2013 నాటి విశ్లేషణలో ఈ చికిత్స వల్ల తర్వాత వ్యసనం పెరిగినట్టూ తగ్గినట్టూ తేలలేదు. ఏ అనుమానం ఉన్నా రాసిచ్చిన డాక్టర్‌గారినే అడగండి.

ఎం.ఫార్మ్ చేస్తున్నాను. మా కాలేజీలో యాక్టోఫోటోమీటర్ ఉంది. దీంతో ఇలాంటి పని చేయొచ్చా?

తిరుగుడు కొలవడానికి పనికొస్తుంది. ఎలుక కాంతి కిరణాన్ని అడ్డుకున్న ప్రతిసారీ ఒక అంకె పెరుగుతుంది. కానీ చిక్కు ఏమిటంటే, ఆ యంత్రంలో పెట్టడమే ఎలుకకి 'కొత్త చోటు'. ఇంటి గుంపు కావాలంటే ఎలుక ఉండే బోను చుట్టూనే సెన్సర్లు పెట్టాలి లేదా పైనుంచి వీడియో తీసి లెక్కకట్టాలి.

ఇంకో ఇబ్బంది స్టీరియోటైపీ. ఒకేచోట నిలబడి తల ఊపే ఎలుకని కిరణం లెక్కపెట్టదు. పక్కన కూర్చుని చూసి స్కోరు వేసుకోక తప్పదు. సెలైన్ గుంపుని కూడా అదే చేత్తో, అదే వేళకి, అదే దారిన మోసుకెళ్లాలి. థీసిస్‌లో సూది ఎక్కడ వేశారో, ముందు ఎన్నాళ్లు అలవాటు చేశారో రాయండి. ఆ రెండు వాక్యాలు లేని పేపర్లు కోకొల్లలు, వాటి అంకెలతో ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియదు.

అనుమతులు రెండు వైపుల నుంచి కావాలి. జంతువుల కోసం మీ సంస్థలోని యానిమల్ ఎథిక్స్ కమిటీ ముందుగా ఒప్పుకోవాలి. ఆంఫెటమిన్, కొకైన్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం కిందికి వస్తాయి కాబట్టి వాటిని తెప్పించడానికీ ఉంచుకోవడానికీ వేరే లైసెన్సులుండాలి. ఎం.ఫార్మ్ గడువులో ఇది తెమలడం కష్టం. గైడ్‌గారితో సినాప్సిస్ దశలోనే మాట్లాడుకోండి.